కల్వర్టు దగ్గర చేప ఆగిపోతోందా? కనిపెట్టే పద్ధతి

రోడ్డు మీద బండి ఆపి, పిట్టగోడ మీంచి తొంగి చూసి "నీళ్లు పోతున్నాయిగా, బాగానే ఉంది" అనుకుంటే లాభం లేదు. నీళ్లు కిందికి పోవడం వేరు, చేప వాటికి ఎదురెక్కడం వేరు. నీళ్లు బయటికొచ్చే వైపు గెడ్డలోకి (అంటే వాగులోకి) దిగి చూడాలి, తేడా ఎక్కువగా అక్కడే ఉంటుంది.

ముందు మ్యాపు పని. సముద్రం వైపు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి. గోస్తని నదినే తీసుకుంటే అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి, తాటిపూడి రిజర్వాయరు దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కింద ఒక్క చప్టా అడ్డుపడితే, పైన కల్వర్టులు ఎంత బాగున్నా సముద్రం నుంచి వచ్చే మలుగుపాము (పాములా పొడుగ్గా ఉండే చేప) పిల్లకి ఒరిగేదేమీ లేదు. తాటిపూడి ఆనకట్ట ఎలాగూ పెద్ద అడ్డే కాబట్టి దాని పైనున్న గెడ్డల్ని విడిగా లెక్కేసుకోండి. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ ఒక్క నదే మూడు జిల్లాల్లో పడింది, అంటే రోడ్డు రికార్డుల కోసం మూడు చోట్లా తిరగాలి. గూగుల్ ఎర్త్‌లో రోడ్డు, గెడ్డ కలిసే ప్రతి చోటా పిన్ను పెట్టండి, కొత్తవలస–కిరండూల్ రైలు లైనుతో సహా.

పొలాల బాటల మీద వేసిన తూములు చాలావరకు రికార్డుల్లో దొరకవు. వాటికి ఊళ్లో వాళ్లే దిక్కు. "తొలకరికి చేపలు ఎక్కడ పడతారండీ?" అని అడగండి. "ఫలానా కల్వర్టు కింద గుంటలో" అన్నారంటే పైకి ఎక్కాల్సిన చేపలు అక్కడే ఆగి గుమిగూడుతున్నాయన్నమాట. నా దృష్టిలో ఈ ఒక్క ప్రశ్న సగం సర్వేతో సమానం.

ఇక కొలతలు. టేపు, కర్ర, ఫోన్ చాలు. పైపు చివర అడుగు భాగం నుంచి కింద గుంటలో నీటిమట్టం దాకా ఎంత ఎత్తుందో కొలవండి, చేప ఎగరాల్సిన దుముకు అదే. కానీ నీటిమట్టం రోజూ మారుతుంది కాబట్టి, గుంట చివర నీళ్లు పొర్లి ముందుకి పోయే గట్టు ఉంటుంది చూడండి, పైపు అడుగు దానికన్నా ఎంత పైన ఉందో కూడా రాసుకోండి, వేసవిలో ఎంత దుముకు మిగులుతుందో అదే చెబుతుంది. అమెరికాలో సాల్మన్ చేప పిల్లలకి 15 సెంటీమీటర్ల దుముకునే అడ్డుగా లెక్కేస్తారు. మన పరిగెలు సాల్మన్‌లా ఎగిరే రకం కాదు, కాబట్టి ఇంకా కఠినంగానే ఉండండి. దుముకు లేకపోయినా కాంక్రీటు పరుపు మీద నీళ్లు పల్చటి పొరలా జారుతుంటే అదీ అడ్డే.

తర్వాత వేగం. బెండు ముక్క ఒకటి పైపులోకి వదిలి ఎన్ని సెకన్లలో బయటికొచ్చిందో చూడండి. 5 మీటర్ల పైపు 4 సెకన్లలో దాటితే పైన వేగం సెకనుకి 1.25 మీటర్లు, అడుగున నీళ్లు నెమ్మది కాబట్టి దాన్ని 0.85తో గుణిస్తే సగటు మీటరు పైచిలుకు. చిన్న చేప ప్రాణం బిగబట్టి ఈదినా సెకనుకి తన ఒంటి పొడవుకి సుమారు 10 రెట్లు, అదీ కొద్ది సెకన్లే. 8 సెంటీమీటర్ల పరిగె అంటే 0.8 మీటర్లు. ఇంక ఎక్కడ ఎక్కుతుంది? పైపు లోపల గెడ్డలో ఉన్నట్టే ఇసుక, రాళ్లు పరుచుకుని ఉంటే మాత్రం కాస్త నయం, వాటి వెనక ఆగి ఆగి వెళ్తుంది. టార్చి వేసి బయట్నుంచే చూడండి, లోపలికి దూరొద్దు, పాములుంటాయి. వరద నీళ్లలో అసలు దిగొద్దు. వానలు తగ్గాక ఒకసారి, నీళ్లు సన్నబడ్డాక ఇంకోసారి చూస్తే చాలు.

చివరిది వెడల్పు. కల్వర్టుకి బాగా ఎగువన, దాని ప్రభావం లేని చోట, గెడ్డ ఒడ్లు నిండా పారితే ఎంత వెడల్పో మూడు నాలుగు చోట్ల కొలిచి సగటు తీయండి. 6 మీటర్ల గెడ్డని రెండు హ్యూమ్ పైపుల్లోకి (గుండ్రటి సిమెంటు గొట్టాల్లోకి) కుక్కితే వేగం పెరగక ఏం చేస్తుంది, కింద గుంట పడక ఏం చేస్తుంది! అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో గెడ్డలాగే ఉండేలా కట్టే కల్వర్టుకి ఆ వెడల్పుకి 1.2 రెట్లు, దానికి ఇంకో 2 అడుగులు కలిపి అనే లెక్క వాడతారు. అక్కడి ఆదివాసీ తెగలు చేపల హక్కు కోసం కోర్టుకెళ్తే, కల్వర్టులు మార్చమని 2013లో ఆదేశం వచ్చింది, 2018లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలు 4–4గా చీలడంతో అదే నిలిచింది.

అన్నీ మార్చడానికి డబ్బులుండవు. దుముకు కొద్దిగానే ఉంటే, దిగువన పెద్ద రాళ్లతో చిన్న చిన్న మెట్లుగా అడ్డుకట్టలు వేసి గుంట నీటిమట్టం పైపు అడుగుదాకా లేపొచ్చు. పైపు మరీ ఇరుకైతే అడుగు భూమిలోకి దించిన వెడల్పాటి బాక్సు కల్వర్టే దారి. ఫొటోలు, కొలతలు, పైన ఎన్ని కిలోమీటర్ల గెడ్డ తెరుచుకుంటుందో ఒక్క కాగితం మీద రాసి ఇంజినీరుకి ఇవ్వండి, అదీ ఎస్టిమేట్ వేయకముందే, ఎందుకంటే పైపులు లారీ దిగాక ఎవరూ వినరు.