వేట స్వభావమున్న జాక్ రసెల్ టెర్రియర్‌ను ఇంట్లో పెంచుకునే తీరు

ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతానికి చెందిన మతాధికారి జాన్ రసెల్ 1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటూ ట్రంప్ అనే ఆడ టెర్రియర్‌ను, అంటే బొరియల్లోని జంతువుల వేటకు వాడే చిన్న జాతి కుక్కను, కొన్నారు. బొరియలో దాగిన నక్కను బయటికి తరిమేందుకు ఆయన పెంచిన ఆ వంశం నుంచే నేటి జాక్ రసెల్ వచ్చింది. నేల తవ్వడం, మొరగడం, కదిలేదాని వెంటపడటం దానికి పుట్టుకతో వచ్చిన గుణాలు కనుక, కొట్టి మాన్పించాలని చూడడం అన్యాయం.

ముందుగా కంచెను చూడండి. ఎత్తు ఒక్కటే చాలదు, ఇది అడుగునుంచి తవ్వుకుని పోతుంది. అందువల్ల ఇనుప వలను కంచె అడుగున లోపలివైపు నేలమీదికి మడిచి, మట్టి కప్పి, పైన రాళ్లు పరచాలి. తోటలో ఒక మూల ఇసుక గుంట ఏర్పాటు చేసి, అందులో బొమ్మలు పాతిపెట్టి, అక్కడ తవ్వినప్పుడల్లా మెచ్చుకుంటే మిగిలిన మొక్కలు చాలావరకు దక్కుతాయి.

పిలవగానే తిరిగి రావడాన్ని చిన్న వయసులోనే, 10 మీటర్ల తాడు కట్టి నేర్పాలి. అయినా ఉడుత కనబడిన క్షణంలో యజమాని పిలుపు దాని చెవికెక్కుతుందని నేను నమ్మను. కంచె లేని చోట తాడు విప్పకపోవడమే క్షేమం. కుందేళ్లున్న గదిలో దానిని, ఎంత మచ్చికైనదైనా సరే, వదలకూడదు. చిన్నప్పటినుంచి కలిసి పెరిగిన పిల్లిని సహించవచ్చు గాని, పక్కింటి పిల్లిని కూడా అలాగే సహిస్తుందని అనుకోకండి.

ఎలుకలను పట్టే కుక్కకు లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం ద్వారా సోకే జబ్బు) టీకా తప్పక వేయించాలి. ఇంట్లో ఎలుకల మందు పెట్టకూడదు. మందు తిన్న ఎలుకను తిన్నా కుక్కకు ప్రమాదమే.