పెరటి కోళ్ల గూట్లోకి పాము రాకుండా ఏం చేయాలి? వస్తే ఏం చేయాలి?

నాలుగు నాటుకోళ్లు పెంచే ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు గూట్లో పాము కనబడుతుంది. దానివల్ల కోళ్లకు జరిగే నష్టం నిజానికి కొద్దిదే. కొన్ని గుడ్లు, ఒకటో రెండో పిల్లలు పోతాయి. అసలు ప్రమాదం మసక చీకట్లో గుడ్డు కోసం గూట్లోకి వెళ్లే మన చేతికి. అందుకే ముందు చేతి సంగతి చెప్పి, తర్వాత కోళ్ల దగ్గరికి వస్తాను.

1. చూడకుండా చెయ్యి పెట్టొద్దు

పెట్టలు ఎక్కువగా పొద్దుటి నుంచి మధ్యాహ్నం లోపే గుడ్లు పెడతాయి. సాయంత్రం నాలుగింటికల్లా ఏరేస్తే చీకట్లో గూటి జోలికి పోయే పనే ఉండదు. తప్పక వెళ్లాల్సి వస్తే మంచి టార్చి పట్టుకుని, పాదాలు కప్పే బూట్లు వేసుకుని వెళ్లండి. తలుపు తీశాక మూలమూలకీ వెలుగు వేసి, పొడుగు కర్రతో గడ్డి కదిపి చూడండి. గంప ఎత్తేటప్పుడు దాని అంచు మీ కాళ్ల వైపు కాకుండా అవతలి వైపు లేచేలా ఎత్తండి. ‘పోయి గుడ్లు పట్రా’ అని చిన్నపిల్లల్ని పంపకండి. పొదుగు మీదున్న పెట్ట లేచొచ్చి బయట అరుస్తూ, తోలినా గూట్లోకి పోనంటే దాని మాట నమ్మండి.

2. వచ్చింది పామేనా?

గుడ్డు పెంకు ముక్క కూడా మిగలకుండా మాయమైతే పామును అనుమానించాలి. నాగుపాము, జెర్రిపోతు గుడ్డును పగలగొట్టకుండా అలాగే మింగుతాయి. పెంకులు చెల్లాచెదురై సొన కారి ఉంటే కాకో, ముంగిసో, గుడ్లు తినడం మరిగిన మీ కోడో అయ్యుంటుంది. చచ్చిన కోడిపిల్ల తల, మెడ తడిగా జిగురుగా ఉంటే పాము మింగబోయి, పట్టక వదిలేసిందన్నమాట. మెడ కొరికి రక్తం కనబడితే ముంగిస లేదా పిల్లి జాతి పని. గాయమేమీ లేకుండా పెద్ద కోడి చచ్చిపడి ఉంటే కాటు కావచ్చు, కొక్కెర తెగులూ (రాణిఖేత్ జబ్బు) కావచ్చు. మిగతా కోళ్లు కూడా మునగదీసుకుని పచ్చగా విరేచనాలు చేస్తుంటే పశువుల డాక్టరును పిలవండి. ఏదైనా సరే, ఆ కోడిని కూర వండకుండా లోతుగా పాతిపెట్టండి.

గూట్లో ఎక్కువగా దొరికేది జెర్రిపోతు. దీనికి విషం లేదు. పొడుగ్గా, చురుగ్గా, పెద్ద కళ్లతో ఉంటుంది. పెదవుల మీద నిలువు నల్ల గీతలుంటాయి. నాగుపాముతో జత కడుతుందని ఊళ్లో అంటారు గానీ అది నిజం కాదు. పెనవేసుకుని లేచే జెర్రిపోతులు చాలాసార్లు పోట్లాడుకుంటున్న రెండు మగపాములే. ఎలుకల్ని తెగ తింటుంది కాబట్టి పొలానికి మేలే. అయితే చీకట్లో కంగారులో జెర్రిపోతుకీ నాగుపాముకీ తేడా పట్టడం అందరివల్లా కాదు. గుర్తుపట్టలేకపోతే విషప్పామనుకునే మసలుకోండి.

3. ఎలుకల్ని ఆపితే సగం పని అయినట్టే

చాలామంది వదిలేసే పని ఇదే. పాము ముందుగా వచ్చేది గుడ్ల కోసం కాదు, దాణా తినే ఎలుకల కోసం. రక్తపింజర కోడిగుడ్లు తినదు, అయినా గూటి చుట్టూ తిరుగుతుంది. కట్లపాము తోటి పాముల్నీ ఎలుకల్నీ వెతుక్కుంటూ రాత్రిపూట వస్తుంది. నూకలు, జొన్నలు కోళ్లు ఆ పూటకు తినేంతే చల్లండి. పొద్దుగూకేసరికి గింజ మిగలకూడదు. దాణా సంచుల్ని గూటి పక్కన పెట్టకుండా మూతబిగిసే రేకు డబ్బాలో దాయండి. ఎలుకలకు బోను పెట్టండి గానీ మందు వద్దు. మందు తిన్న ఎలుకను కోడి పొడిస్తే కోడి కూడా పోవచ్చు.

నీళ్ల తొట్టి కారి బురదైతే కప్పలు చేరతాయి, వాటి వెనక పాములు. కట్టెల మోపులు, పిడకల గూడు, కొబ్బరి మట్టల కుప్ప, పగిలిన ఇంటికప్పు పెంకులు గూటికి కనీసం పదిహేను అడుగుల దూరంలో ఉంచండి. కోతలయ్యాక పొలంలో ఎలుకలు ఇళ్ల మీదికొస్తాయి కాబట్టి ఆ రోజుల్లో రెట్టింపు జాగ్రత్త కావాలి.

4. గూడు బిగించండి

వేలు దూరే సందు చాలు, పాము దూరుతుంది. ఇంకో చిక్కేమిటంటే, లోపలికి ఖాళీ కడుపుతో దూరిన పాము గుడ్లు మింగాక అదే సందులోంచి బయటకు రాలేదు. తెల్లారి తలుపు తీసేసరికి గూట్లోనే ఉంటుంది.

బజారులో కోళ్ల కోసమని అమ్మే పెద్ద కళ్ల జాలీ కోడి బయటకు రాకుండా ఆపుతుందేగానీ పామును ఆపదు. అర అంగుళం కళ్లుండే వెల్డ్ మెష్ (గట్టి ఇనుప తీగ జాలీ) వేయండి. కోడిపిల్లలుండే చోట పావు అంగుళం అయితే ఇంకా మంచిది, పాముపిల్లలు కూడా దూరవు. జాలీ అడుగు భాగాన్ని ఒక అడుగు లోతు భూమిలో పాతితే ఎలుకలు కూడా తవ్వుకుని రాలేవు. తలుపు కింద సందు, రేకు కింద సందు, పాత మట్టిగూడైతే గోడ పగుళ్లు సిమెంటుతో మూసేయండి. గూటిని రెండడుగుల ఎత్తున కాళ్ల మీద నిలబెడితే కిందంతా కనబడుతుంది. కానీ ఎత్తొక్కటే నమ్ముకోవద్దు, జెర్రిపోతు చెట్లెక్కే పాము. గూటి మీదికి వాలిన కొమ్మలు కొట్టేయండి.

నైలాన్ వల మాత్రం చుట్టొద్దు. పాము అందులో చిక్కుకుని గిలగిల్లాడుతుంది, దాన్ని విడిపించబోయినవాళ్లు కాటు తింటారు.

ఈ మరమ్మతులన్నీ జూన్‌లో వానలు పడకముందే ముగించండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని అంచనా. అందులో సగం దాకా జూన్-సెప్టెంబరు నెలల్లోనే.

5. వెల్లుల్లి, ఫినాయిలు, కలరా ఉండలు

వీటితో పాములు ఆగవు. పాములు రావని కొందరు చల్లే కార్బాలిక్ ఆసిడ్ కోళ్లకీ మనకీ విషం. ఆ డబ్బు జాలీకి పెట్టండి. గిన్నీ కోళ్లను పెంచితే పామును చూసి గోల చేస్తాయి గానీ, రాత్రి అవీ నిద్రపోతాయి.

6. పాము ఎదురుపడితే

రెండడుగులు వెనక్కి వేయండి. పిల్లల్నీ కుక్కనీ లోపలికి పంపి, దూరం నుంచి ఒకరు కన్ను వేసి ఉంచండి. తలుపు తీసి ఉంచి దారి వదిలితే చాలాసార్లు అదే పోతుంది. పోకపోతే అటవీశాఖకో, పాములు పట్టేవారికో ఫోన్ చేయండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లున్నారు. కర్రతో కొట్టబోయి కాటు తిన్నవాళ్లు ఎందరో. చచ్చిందనుకున్న పాము తల కూడా కరవగలదు. పైగా 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం పామును చంపడం నేరం.

7. కాటు పడితే

108కి ఫోన్ చేయండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు వాపు రాకముందే తీసేయండి. కాటు పడిన కాలినో చేతినో విరిగిన ఎముకలా కదలకుండా ఉంచండి. మనిషిని నడిపించొద్దు. గుడ్డతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. పామును పట్టి తేవాల్సిన పని కూడా లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షను ఒకటే.

కట్లపాము కాటు నొప్పి తెలియదు, గాట్లు కూడా సరిగ్గా కనబడవు. రాత్రి నేల మీద పడుకున్నవారికి తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి కనురెప్పలు వాలిపోతుంటే అజీర్తి అనుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మీకు దగ్గరున్న పీహెచ్‌సీలో అది ఉందా, రాత్రి డాక్టరు ఉంటారా, లేకపోతే ఏ ఆసుపత్రికి పోవాలి అన్నది ఇవాళే ఫోన్ చేసి అడిగి పెట్టుకోండి.