ఎవరికీ చూపించక్కర్లేని నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి

"రాయాలని ఉంటుంది కానీ నాకు రాయడం రాదు" అని చాలామంది అంటుంటారు, నేనూ ఏళ్లపాటు అదే అన్నాను. పెన్ను పట్టుకుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేదాన్ని, ఎవరో పక్కన నిలబడి ఎర్ర ఇంకుతో దిద్దుతున్నట్టు ఉండేది. ఆ ఎర్ర ఇంకు పోతుందని చెప్పను, నాకింకా పోలేదు. అది ఉండగానే ఎలా రాసుకోవచ్చో చెప్తాను.

ఖరీదైన డైరీ కొనకండి. అందులో చప్పటి వాక్యం రాయడానికి చెయ్యి రాదు. కోఠీలోనో మీ గల్లీ చివర షాపులోనో దొరికే మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు. మొదటి పేజీ వదిలేసి రెండో పేజీలో మొదలుపెట్టండి, మొదటి పేజీ అందంగా ఉండాలన్న టెన్షన్ తగ్గుతుంది.

ఏం రాయాలి? నా జీవితం, నా ఆశయం లాంటివి మొదటిరోజే ఎత్తుకోవద్దు. ఈరోజు కళ్లారా చూసింది ఒక్కటి చాలు. ఇరానీ హోటల్లో చాయ్ సాసర్లో పోసుకుని ఊదుతున్న పిల్లాడు, బోనాల రోజు పొద్దున కుండకి పసుపు రాస్తూ అమ్మ అన్న మాట, ఏదైనా సరే. ఐదారు వాక్యాలు రాశాక ఆగి, "అది చూస్తే నాకు..." అని మొదలుపెట్టి ఇంకొక్క వాక్యం రాయండి. అసలు సంగతి అక్కడే బయటపడుతుంది. ఒకసారి అమీర్‌పేట మెట్రోలో లైన్ మారుతుంటే ఒక పెద్దాయన మొక్క ఉన్న కుండీని పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని మెట్లెక్కుతున్నారు. ఇంటికొచ్చి అదే రాశాను. ఆ తర్వాతి వాక్యం, "నాన్న పోయాక బాల్కనీలో కుండీలకి నేను నీళ్లు పొయ్యలేదు" అని వచ్చింది. రాసేదాకా ఆ విషయం నా మనసులో ఉందని నాకే తెలియదు.

భాష గురించి గట్టిగా చెప్తాను: ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే రాయండి. "వచ్చిండు", "పరేషాన్ అయిన" అని వస్తే అలాగే ఉంచండి. దాన్ని పుస్తక భాషలోకి మార్చడానికి ఆగారంటే చెప్పాలనుకున్నది చల్లారిపోతుంది. మనకి రాదు అనే మాట ఈ నేలకి కొత్త కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకాయన రాస్తే, సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల్ని ఒక్కచోట చేర్చి గోలకొండ కవుల సంచిక తెచ్చారు. లేరన్న మాట వచ్చేనాటికే వాళ్లంతా రాస్తూనే ఉన్నారు కదా!

అనుమానం వస్తే దాన్నీ రాసేయండి. "ఇది చాలా చప్పగా ఉంది" అని బ్రాకెట్లో పెట్టి కింది లైన్‌కి వెళ్లిపోండి. కొట్టివేతలు వద్దు.

టైమ్ పావుగంట పెట్టుకోండి. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు 1986లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులతో వరసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు మనసుని కలచివేసిన విషయాలు రాయించారు. రాసిన వెంటనే వాళ్లకి మనసు బరువెక్కింది, కానీ జరిగిందీ, తమకేమనిపించిందీ రెండూ రాసినవాళ్లు తర్వాతి నెలల్లో, మామూలు విషయాలు రాసినవాళ్లకంటే తక్కువసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్లారు. కాబట్టి రాశాక కాసేపు దిగులుగా ఉంటే కంగారు పడకండి. మరీ తట్టుకోలేనట్టు ఉంటే మాత్రం ఆ విషయం పక్కనపెట్టి, నమ్మకమున్న మనిషితో మాట్లాడండి.

రెండు గదుల ఇంట్లో నలుగురుంటే దాచుకోవడం కూడా సమస్యే, ఎవరైనా చదువుతారేమో అన్న భయంతో నిజం రాయలేం. ఆఫీసు బ్యాగులో పెట్టుకోండి, లేదంటే ఫోన్లో లాక్ వేసిన నోట్స్‌లో తెలుగు వాయిస్ టైపింగ్‌తో చెప్పుకోండి. రాసి చించేసినా తప్పులేదు.

నెల వరకు వెనక్కి తిప్పి చదవొద్దు. ఆ తర్వాత పెన్సిల్ పట్టుకుని కూర్చుని, ఇది అచ్చం నా మాటే అనిపించిన వాక్యాల కింద గీత గీయండి, తప్పులు దిద్దకండి. నా నోట్‌బుక్‌లో మొదటి గీత కుండీల వాక్యం కిందే పడింది. ఆ సాయంత్రం ఎండిపోయిన రెండు మొక్కలు తీసేసి, మిగిలిన మందారానికి నీళ్లు పోసి, ఆ సంగతి కూడా రాసుకున్నాను.