రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్ష అభ్యర్థి గెలుస్తాడా లేదా: కాగితం మీద తేల్చుకునే పద్ధతి

నెల్లూరు వీఆర్సీ సెంటర్‌లోనైనా, ఒంగోలు అద్దంకి బస్టాండ్ దగ్గరైనా టీ కొట్టు ముందు రాష్ట్రపతి ఎన్నిక మాట వస్తే వాదన ఒకే దారిన పోతుంది. "ఈసారి మంచి మనిషిని పెట్టారన్నా, గెలుస్తాడు చూడు" అని ఒకరు. "యాడ గెలిచేది? బలం ఉండొద్దా?" అని ఇంకొకరు. టీ చల్లారిపోతుంది గానీ ఎవరి నోటా ఒక్క అంకె రాదు. నిజానికి అసెంబ్లీ సీటుకు గెలుపు గుర్రం ఎవరో పసిగట్టడం కంటే ఇది చాలా తేలిక. ఓటర్లు ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలే, ఐదు వేల లోపే. 2022లో 4,809 మంది. ఎవరిది ఏ పార్టీయో, ఎవరి ఓటు విలువ ఎంతో ముందే తెలిసిపోతుంది. ఒక తెల్లకాగితం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్, గంటన్నర తీరిక ఉంటే చాలు.

మొదట ఓటు విలువ. తలకాయలు లెక్కపెట్టడం ఇక్కడ పనికిరాదు. రాష్ట్ర జనాభాను ఆ అసెంబ్లీలో ఎన్నికయ్యే సభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తే ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ వస్తుంది. జనాభా అంటే ఇప్పటిది కాదు, 1971 జనగణనది. 2026 తర్వాత తీసే తొలి జనగణన లెక్కలు అచ్చయ్యే దాకా అదే కొలత. మన రాష్ట్రానికి చేసి చూద్దాం:

2,78,00,586 ÷ 175 ÷ 1000 = 158.86

అర దాటితే పైకి సర్దుతారు కాబట్టి 159. 175 మందికీ కలిపి 27,825. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 208, తమిళనాడుది 176, తెలంగాణది 132, సిక్కిందైతే 7. ఒక్క యూపీ ఎమ్మెల్యే ఓటుకు సాటి రావాలంటే సిక్కిం ఎమ్మెల్యేలు దాదాపు ముప్పై మంది కావాలి. "ఫలానా పార్టీకి నాలుగు రాష్ట్రాలున్నాయి" అన్న మాటకు విలువ లేనిది ఇందుకే. ఏ నాలుగు అన్నదే ప్రశ్న.

ఎంపీ ఓటు విలువ దీన్నుంచే పుడుతుంది. దేశంలోని ఎమ్మెల్యేలందరి ఓట్ల మొత్తాన్ని ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగించాలి. 2022లో 5,43,231ని 776తో భాగిస్తే 700 వచ్చింది. 2017లో ఇదే 708. జమ్మూకశ్మీర్‌లో అసెంబ్లీ లేకపోవడంతో ఎమ్మెల్యేల మొత్తం తగ్గి, దాంతోపాటే ఎంపీ విలువా తగ్గింది. పాత ఎన్నిక అంకెను తెచ్చి కొత్త లెక్కలో వేస్తే ఇక్కడే తేడా కొడుతుంది. ఎంపీకి 8 తేడా అంటే 776 మందికి 6,208.

మన దగ్గరి లెక్కతో చేయి అలవాటు చేసుకోవచ్చు. ఉమ్మడి నెల్లూరులో 10 అసెంబ్లీ స్థానాలు, ఉమ్మడి ప్రకాశంలో 12. మొత్తం 22. 22 × 159 = 3,498. అంటే తడ నుంచి ఎర్రగొండపాలెం దాకా ఉన్న ఎమ్మెల్యేలంతా కలిసినా ఐదుగురు ఎంపీల ఓటు (3,500) కన్నా రెండు తక్కువే.

లెక్కలోకి రానివాళ్లను ముందే కొట్టేయండి. ఎమ్మెల్సీలకు ఈ ఎన్నికలో ఓటు లేదు. రాజ్యసభకు నామినేట్ అయిన 12 మందికీ లేదు. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఉపరాష్ట్రపతి ఎన్నికతో కలిపేయడం. 2017లో మన వెంకయ్యనాయుడు 516 ఓట్లతో గెలిచారు, గోపాలకృష్ణ గాంధీకి 244 వచ్చాయి. అది ఎంపీలు మాత్రమే వేసే ఎన్నిక. అందులో నామినేటెడ్ ఎంపీలకూ ఓటుంటుంది, అందరి ఓటూ ఒకటే. ఆ అంకెలు చూసి రాష్ట్రపతి ఎన్నికను ఊహిస్తే ఎమ్మెల్యేలు మోసే సగం బరువు లెక్కలోంచి జారిపోతుంది.

ఇప్పుడు కాగితం మీద మూడు గళ్లు గీయండి: ఢిల్లీలో అధికార కూటమి, ఢిల్లీలో ప్రతిపక్ష కూటమి, అటూ ఇటూ కానివాళ్లు. "ఢిల్లీలో" అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 2024లో మన 22 స్థానాల్లో 20 టీడీపీకి, దర్శి, ఎర్రగొండపాలెం వైసీపీకి వచ్చాయి. 318 విలువున్న ఆ రెండింటినీ "ప్రతిపక్షం" అని ప్రతిపక్ష అభ్యర్థి గడిలో వేసేవాళ్లున్నారు. తప్పు. మన అసెంబ్లీలో ప్రతిపక్షమైనంత మాత్రాన ఢిల్లీ ప్రతిపక్షం కాదు. 2022లో వైసీపీ, టీడీపీ రెండూ అధికార కూటమి అభ్యర్థి ద్రౌపది ముర్మూకే మద్దతిచ్చాయి. వెలగపూడిలో పడిన 173 ఓట్లూ ఆమెకే. ప్రతిపక్ష అభ్యర్థి యశ్వంత్ సిన్హాకు మన రాష్ట్రంలో సున్నా. ఇక్కడ పొద్దున లేస్తే తిట్టుకునే రెండు పార్టీలు అక్కడ ఒకే పేరు ఎదుట 1 అంకె వేశాయి.

మూడో గడి మీదే ఎక్కువసేపు కూర్చోవాలి. మొదటి రెండూ లెక్క, ఇది రాజకీయం. 2022లో అధికార కూటమి సొంత బలం సగానికి కాస్త తక్కువలో ఆగింది. ఆ వెలితిని నింపినవాళ్లలో వైసీపీ ఒకటి. 2019లో గెలిచిన 151 మంది ఎమ్మెల్యేలకు 24,009, 22 మంది లోక్‌సభ ఎంపీలకు 15,400. రాజ్యసభ కలపకుండానే 39,409. ఇలాంటి పార్టీ ఏ గడిలోకి పోతుందో చూడాలంటే దాని పాత ఓట్లు చూడండి గానీ అధ్యక్షుడి ప్రసంగాలు కాదు.

గెలుపు గీత ఎక్కడుందో తెలుసుకోవడం సులువు. చెల్లిన ఓట్ల మొత్తం విలువలో సగం, ప్లస్ ఒకటి. 2022లో చెల్లినవి 10,56,980, గీత 5,28,491. గమనించారా, "చెల్లిన" ఓట్లు. రానివాళ్లు, పాడుచేసుకున్నవాళ్లు పోతే గీత కిందికి దిగుతుంది. మూడో గడిలోని పార్టీ "మేం తటస్థం" అని ఇంట్లో కూర్చుంటే పెద్ద గడి ఉన్నవాళ్లకే లాభం, ప్రతిపక్షానికి ఒరిగేదేమీ ఉండదు.

మొత్తం వేశాక ప్రతిపక్షం గడిలోంచి కొంత తరుగు తీయాలి. ఈ ఎన్నికలో విప్ (ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) పనిచేయదు, పార్టీ ఫిరాయింపుల చట్టం అడ్డురాదు. రాజ్యసభ ఎన్నికలోలాగా పార్టీ ఏజెంటుకు బ్యాలెట్ చూపించే పద్ధతీ లేదు. ఎంపీకి ఆకుపచ్చ కాగితం, ఎమ్మెల్యేకు గులాబీ కాగితం. ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదా సిరా పెన్నుతోనే పేరు ఎదుట అంకె వేయాలి. జేబులో పెన్ను తీసి రాసినా, "ఒకటి" అని అక్షరాల్లో రాసినా, టిక్కు పెట్టినా ఆ ఓటు పోయినట్టే. చట్టాలు చేసే సభల్లోనే ప్రతిసారీ ఇలా చెల్లని ఓట్లు తేలుతుంటాయి, మనం పంచాయతీ ఓటరును ఎందుకు తిట్టాలో అర్థం కాదు. 2025 ఉపరాష్ట్రపతి ఎన్నికలోనూ 15 ఓట్లు చెల్లలేదు.

ఇక అసలు వాదన: అభ్యర్థి ఎవరన్నది ఎంత మారుస్తుంది? మారుస్తుంది, కానీ ఆ పేరు ఎదుటి కూటమిలోంచి ఒక పార్టీని మొత్తంగా ఇవతలికి లాగగలిగితేనే. 2007లో ప్రతిభా పాటిల్ మహారాష్ట్ర ఆడపడుచని శివసేన సొంత కూటమిని కాదని ఓటేసింది. 2017లో బిహార్ గవర్నర్‌గా ఉన్న రామ్‌నాథ్ కోవింద్‌కు, అప్పటికి ఎదుటి కూటమిలో ఉన్న జేడీయూ మద్దతిచ్చింది. 2022లో గిరిజన మహిళను కాదనలేక జార్ఖండ్ పార్టీ జేఎంఎం, సొంత రాష్ట్రం మనిషని ఒడిశా పార్టీ బీజేడీ ముర్మూ వైపు వచ్చాయి. ఈ మూడింట్లోనూ లాగింది ఢిల్లీలో అధికారంలో ఉన్నవాళ్లే. 2022లో ప్రతిపక్షం పేరు ముందే ప్రకటించేసి చేతులు కట్టుకోవడం దీనికి ఒక కారణం. జూన్ 21న మొదట సిన్హా పేరు వచ్చింది, అదేరోజు రాత్రి ముర్మూ పేరు వచ్చింది. ఆ తర్వాత పేరు మార్చుకోవడం రాజకీయంగా కష్టం.

"తెలుగాయన కదా, మనోళ్లు వేస్తారు" అన్నదానికీ ఒక పరీక్ష జరిగింది. 2025 ఉపరాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షం జస్టిస్ సుదర్శన్‌రెడ్డిని నిలిపింది. టీడీపీ, జనసేన, వైసీపీ మూడూ అధికార కూటమి అభ్యర్థి సీపీ రాధాకృష్ణన్‌కే మద్దతిచ్చాయి. 452కు 300తో ముగిసింది. ప్రాంతాభిమానాన్ని మూడో గడిలో పెట్టొచ్చు గానీ పెన్సిల్‌తోనే.

మీ మొత్తం వచ్చాక పాత కొలతతో సరిచూసుకోండి. ఓడిన ప్రధాన అభ్యర్థికి వచ్చింది 2007లో 34 శాతం, 2012లో 31, 2017లో 34, 2022లో 36. మీ లెక్క ఈ గీతల మధ్య ఆగితే టీ కొట్టు దగ్గర పందెం కాయొద్దు. 40 దాటితేనే పోటీ. 1967లో ప్రతిపక్షాల తరఫున నిలిచిన కోకా సుబ్బారావు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి వచ్చిన రాజమండ్రి మనిషి, 3,63,971 ఓట్లు తెచ్చుకున్నారు. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244. సుబ్బారావుకు దాదాపు 43 శాతం దక్కింది పేరు వల్లే అనుకోకండి. ఆ ఏడాదే కాంగ్రెస్ చాలా రాష్ట్రాల అసెంబ్లీల్లో దెబ్బతింది. అక్కడి ఎమ్మెల్యేల విలువే ఆ అంకెలో కనిపించింది.

ఇద్దరికి మించి గట్టివాళ్లు ఉంటేనే రెండో ప్రాధాన్యం (బ్యాలెట్‌లో 2 అంకె వేసిన పేరు) జోలికి వెళ్లండి. 1969లో వి.వి. గిరికి మొదటి లెక్కింపులో 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548. గీత 4,18,169. మిగతా అభ్యర్థుల ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ప్రకారం పంచితే ఎక్కువ భాగం రెడ్డికే పోయాయి. ఆయన 4,05,427కు చేరినా గిరి 4,20,077తో గట్టెక్కారు. పాలకపక్షమే రెండుగా చీలిన ఏడాది అది. రెండో ప్రాధాన్యం దాకా వెళ్లిన ఎన్నిక ఆ ఒక్కటే.

నామినేషన్ వేశాడంటే పోటీలో ఉన్నట్టేనని రాసుకోవద్దు. 50 మంది ఓటర్లు ప్రతిపాదించాలి, ఇంకో 50 మంది బలపరచాలి, 15,000 రూపాయల డిపాజిట్ కట్టాలి. ఒక ఓటరు ఒక్కరికే సంతకం పెట్టాలి. సంతకాలు లేక పరిశీలనలోనే పోయేవాళ్లు ప్రతిసారీ కుప్పలుగా ఉంటారు. గెలుపు గీతలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ గల్లంతు.

ఫలితం వచ్చిన రోజు కాగితం పారేయకండి. రాష్ట్రాలవారీ ఓట్లు బయటికొస్తాయి, మీ గళ్ల పక్కన పెట్టి చూడండి. 2022లో కేరళలో 140 మంది ఎమ్మెల్యేల్లో ముర్మూ కూటమి తరఫున ఒక్కరూ లేరు. లెక్కింపులో సిన్హాకు 139, ముర్మూకు 1. రహస్య బ్యాలెట్ కాబట్టి ఆ ఒక్కరూ ఎవరన్నది కాగితం చెప్పదు. వచ్చేసారి కేరళ ఎదుట తరుగు కింద ఒక ఎమ్మెల్యే ఓటు విలువ, 152, అని రాసుకోవడమే.