వైజాగ్ నుంచి స్కీయింగ్‌కి: మీ కాళ్లకి తగిన కొండ ఏది?

స్కీయింగ్ అనగానే మన వైపు ముందు వినబడే పేరు గుల్మార్గ్. పేరుకు తగ్గ కొండే. అయితే ఆ ఒక్క ఊళ్లోనే చిన్నపిల్లలు జారగలిగే వాలూ ఉంది, ఆరితేరిన వాళ్లని మంచుచరియలు మింగేసిన వాలూ ఉంది. అందుకని ఊరి పేరు చూసి టికెట్లు తీసేయకండి. రోజుకి నాలుగైదు గంటలు మీరు ఏ వాలు మీద ఉంటారు, దాని మీదికి ఏ లిఫ్టు తీసుకెళ్తుంది, మీరు వెళ్లే వారం అక్కడ మంచు ఉంటుందా అన్నది ముందు తేలాలి. హోటలు, తిండి, ఫొటోలు ఆ తర్వాత.

మీ స్థాయి ఎంత?

ఎప్పుడూ స్కీలు (బూట్లకి బిగించుకుని మంచు మీద జారే పొడవాటి పలకలు) కట్టని వాళ్లకి లెక్క సులువు: మొదటి మెట్టు. కట్టిన వాళ్లే తికమక పడతారు. రెండ్రోజులు జారి వచ్చాక "వచ్చేసింది" అనిపిస్తుంది. దానికి చిన్న పరీక్ష ఉంది. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి, పిజ్జా ముక్క ఆకారంలో, అనుకున్న చోట ఆగగలరా? ఆగలేకపోతే ఇంకా మొదటి మెట్టే. ఆగుతూ, ఎడమకీ కుడికీ ఆపకుండా పది మలుపులు తిప్పగలిగితే రెండోది. రెండు స్కీలూ సమాంతరంగా ఉంచి, గట్టిపడ్డ మంచు మీద కూడా వేగం అదుపులో పెట్టుకోగలిగితే మూడోది. చదును చేయని లోతైన మంచులో జారడం నాలుగోది. మూడో మెట్టులో బాగా రాణించేవాళ్లు కూడా అక్కడ మొదటి రోజు పదేపదే పడతారు. ఎందుకంటే సన్నటి స్కీలు మెత్తటి మంచులో కూరుకుపోతాయి. అక్కడ మధ్యభాగం 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వెడల్పున్న స్కీలు కావాలి.

ఇప్పుడు వాలు సంగతి. మన ఘాట్ రోడ్లను సాధారణంగా ఆరేడు శాతం వాలు దాటకుండా వేస్తారు. అంటే 100 మీటర్లు ముందుకు వెళ్తే ఆరేడు మీటర్లు దిగుతాం. నేర్చుకునే వాళ్లకి ఇంచుమించు అంతే వాలు, లేదా కాస్త ఎక్కువ, చాలు. అంతకంటే ముఖ్యం, వాలు చివర చదునుగా వెడల్పైన చోటు ఉండాలి. బ్రేకు వేయడం రాకపోయినా అక్కడ స్కీలు వాటంతట అవే ఆగుతాయి. వాలు చివర రోడ్డో, కంచెనో, టీ కొట్టో ఉంటే ఆ చోటు మీకు వద్దు. వాలు ఎంత కష్టమో రిసార్టులు రంగులతో చెప్తాయి. యూరప్ గుర్తుల్లో నీలం వాలు సుమారు 25 శాతం వరకు, ఎరుపు 40 శాతం వరకు, ఆ పైన నలుపు. అమెరికాలో తేలిక నుంచి కష్టానికి ఆకుపచ్చ, నీలం, నలుపు. అయితే చాలాచోట్ల ఈ రంగులు ఆ రిసార్టులో ఉన్న వాలుల్నే ఒకదానితో ఒకటి పోల్చి ఇచ్చినవి. ఒకచోట నీలం మీద హాయిగా జారారని ఇంకోచోట నీలం కూడా అంతే ఉంటుందనుకోకండి.

మన దేశంలో ఏది ఎవరికి

గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గోల్ఫ్ మైదానం దగ్గరి చిన్న వాలులు మొదటి మెట్టు వాళ్లవి. గొండోలా (తాడు మీద వెళ్లే మూసిన పెట్టెల లిఫ్టు) మొదటి దశ కొంగ్‌డోరి దాకా, దాదాపు 3,100 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి కిందికి జారడం రెండో మెట్టు గట్టిగా దాటిన వాళ్లకి. రెండో దశ అఫర్వాత్ కొండ భుజం మీద, 3,900 మీటర్లు దాటి దింపుతుంది. అక్కడ చదును చేసిన దారి ఉండదు, ముప్ఫై డిగ్రీలు దాటిన వాలులుంటాయి. మంచుచరియలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల్లోనే. 2023, 2024 ఫిబ్రవరుల్లో అక్కడ విదేశీ స్కీయర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మంచు కింద చిక్కుకున్న మనిషిని 15 నిమిషాల్లోపు బయటికి తీస్తేనే బతికే అవకాశం బాగుంటుంది. అంటే బయటి నుంచి వచ్చే సాయం కంటే మీ పక్కనున్న వాళ్ల చేతిలోని పారే ముఖ్యం. ట్రాన్సీవరు (మంచు కింద ఉన్న మనిషి జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబు కర్ర (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కర్ర), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండి, వాడటం వచ్చి, వెంట స్థానిక గైడు ఉండి, ఆ రోజు స్కీ పెట్రోల్ (వాలుల భద్రత చూసే సిబ్బంది) వాలు తెరిచి ఉంటేనే నాలుగో మెట్టు వాళ్లు వెళ్లాలి. మిగతావాళ్లు రెండో దశకి చూడటానికి వెళ్లి, అదే గొండోలాలో దిగి రండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఉత్తరాఖండ్‌లోని ఔలి వాలు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య ఉంటుంది. మొదటి, రెండో మెట్ల వాళ్లకి మన దేశంలో ఇంతకంటే మర్యాదైన వాలు దొరకదని మా అభిప్రాయం. పొడవు ఉంది, వెడల్పు ఉంది, ఎదురుగా నందాదేవి శిఖరం. స్కీయింగ్ చేయని పెద్దవాళ్లకి చెయిర్‌లిఫ్టు మీద కూర్చుంటే చాలు. చిక్కు ప్రయాణంలో ఉంది. డెహ్రాడూన్‌లో విమానం దిగాక, ఔలికి కింద ఉన్న ఊరు జోషిమఠ్‌కి పూర్తి పగలు పట్టే కొండదారి. 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగాక అక్కణ్ణుంచి ఔలికి వెళ్లే రోప్‌వే ఆపేశారు. అందుకని రోప్‌వేని నమ్ముకోకుండా పైకి రోడ్డు ప్రయాణానికి సిద్ధపడండి.

మనాలి దగ్గరి సోలాంగ్‌లో ఇబ్బంది జనం. మంచు మీద ట్యూబులు, స్లెడ్జి బండ్లు నడిపేవాళ్లు, ఫొటోల వాళ్లు అందరూ ఒకే వాలు మీద ఉంటారు, నేర్చుకునే వాళ్లకి మలుపు తిప్పే చోటు మిగలదు. కుటుంబంతో మంచులో ఒక పూట ఆడుకోవడానికైతే సరదాగానే ఉంటుంది. షిమ్లా అవతలి నార్కండా చిన్నది, ప్రశాంతమైనది, మంచు పడిన వారంలో మాత్రమే పనికొస్తుంది.

నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే రిసార్టు కంటే కోర్సు మేలు. గుల్మార్గ్‌లో భారత స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ, మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ, ఔలిలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ ఇలాంటి కోర్సులు నడుపుతాయి. పొద్దున లేపుతారు, వాలు మీదికి నడిపించి ఎక్కిస్తారు. ఆ నడకే సగం చదువు.

సంక్రాంతికా, శివరాత్రికా

మనకి సెలవులు కుదిరేది సంక్రాంతికి. కానీ మంచు ఆ లెక్క చూడదు. మనకి అల్పపీడనం బంగాళాఖాతంలో పుట్టినట్టు, హిమాలయాలకి చలికాలపు మంచు తెచ్చే పశ్చిమ విక్షోభాలు మధ్యధరా సముద్రం వైపు నుంచి వస్తాయి. అవి ముందు కశ్మీర్‌ని తాకుతాయి, తూర్పుకి వచ్చేకొద్దీ బలం తగ్గుతుంది. కాబట్టి ఔలి కంటే గుల్మార్గ్‌కి నమ్మకం ఎక్కువ. అయినా 2024 జనవరిలో నెలాఖరు దాకా గుల్మార్గ్ నేల గోధుమరంగులోనే ఉంది. 2025లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో గుల్మార్గ్‌లో జరగాల్సిన పోటీల్ని మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా వేశారు. వీలుంటే సంక్రాంతికి ఊరెళ్లి, స్కీయింగ్‌కి ఫిబ్రవరి మొదటి మూడు వారాల్లో సెలవు పెట్టుకోండి. శివరాత్రి నాటికి పగటి ఎండ పెరుగుతుంది. పొద్దున గాజులా గట్టిగా ఉన్న మంచు పదకొండింటికి మెత్తబడి, మధ్యాహ్నానికి చిక్కటి గంజిలా మారుతుంది. ఆ గంజిలో స్కీ ఇరుక్కుని ఒళ్లు ముందుకి తిరిగితే దెబ్బ తినేది మోకాలు. మార్చిలో ఉత్తరానికి తిరిగిన వాలు ఎంచుకుని, రెండింటికల్లా ముగించండి.

ఔలిలో కృత్రిమ మంచు యంత్రాలున్నాయి కదా అంటారు. అవి పనిచేయాలంటే గాలి సున్నా కంటే కిందికి చల్లబడాలి. వెచ్చటి వారంలో అవీ చేతులెత్తేస్తాయి.

లిఫ్టు చూసి కూడా ఎంచుకోవాలి

దీన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ మొదటిరోజు దిగేటప్పుడే కాదు, ఎక్కేటప్పుడూ చాలామంది పడతారు. చిన్న వాలుల దగ్గర తరచుగా ఉండేది డ్రాగ్ లిఫ్టు. తాడుకి వేలాడే కర్ర, దాని చివర పళ్లెం లాంటి చక్రం. దాన్ని తొడల మధ్య పెట్టుకుంటే లాక్కెళ్తుంది. పళ్లెం కనబడగానే కూర్చోబోతారు, తాడు సాగుతుంది, వెనక్కి పడతారు. అది మోసేది కాదు, తోసేది. మోకాళ్లు కాస్త వంచి నిలబడండి, స్కీలు సమాంతరంగా ఉంచండి, పట్టు తప్పితే వెంటనే పక్కకి జరగండి, వెనక వాళ్లు వచ్చేస్తుంటారు. మోకాలి నొప్పులున్నవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే, మ్యాజిక్ కార్పెట్ ఉన్న చోటు వెతకండి, దాని మీద నిలబడితే చాలు, కదిలే పట్టీయే తీసుకెళ్తుంది. మన దేశంలో అవి అరుదు, విదేశీ రిసార్టుల్లో మామూలే.

విదేశం అనుకుంటే

రెండో, మూడో మెట్టు వాళ్లకి కొన్నిసార్లు ఇదే తెలివైన దారి. కజకిస్తాన్‌లోని షిమ్‌బులాక్ అల్మాటీ నగరం నుంచి ఇరవై అయిదు కిలోమీటర్లే. సాయంత్రం ఊళ్లో తిరగొచ్చు, స్కీయింగ్ ఇష్టం లేని వాళ్లు కూడా విసుగు పడరు. జార్జియాలోని గుదౌరి త్బిలిసీకి 120 కిలోమీటర్లు. వెడల్పైన వాలులు, పైన 3,200 మీటర్లు దాటిన ఎత్తు. ఒక్క లోపం, అక్కడ చెట్లుండవు. మబ్బు కమ్మితే నేలా ఆకాశమూ ఒకటే తెలుపు, గుంత ఎక్కడుందో కళ్లకి అందదు. అలాంటి రోజుల్లో గుల్మార్గ్ అడవి నయం, చెట్ల నీడలే దారి చూపిస్తాయి. మీవాళ్లెవరైనా దుబాయ్‌లో ఉంటే అక్కడి స్కీ దుబాయ్‌లో, 400 మీటర్ల లోపలి వాలు మీద, ఒకటి రెండు పాఠాలు తీసుకోండి. ఈ ఆట మీకు పడుతుందో లేదో తక్కువ ఖర్చులో తేలిపోతుంది.

వైజాగ్‌లోనే చేసుకోవాల్సినవి

సముద్రమట్టం నుంచి ఒక్కరోజులో 2,650 మీటర్లకి వెళ్తాం. మొదటి పూట తలనొప్పి, నిద్రలేమి మామూలే. ఆ రోజు స్కీలు కట్టకండి, నీళ్లు తాగండి, మద్యం ముట్టకండి. తలనొప్పి ముదిరి వాంతులైతే కిందికి దిగడమే వైద్యం.

గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చేసిన కాళ్లు కూడా స్కీయింగ్‌లో గంటకే వణుకుతాయి. ఇక్కడ మోకాలు వంచి, బరువు తొడల మీద మోస్తూ దిగాలి. ఆరు వారాల ముందు నుంచి వారానికి మూడుసార్లు, గోడకి వీపు ఆనించి గోడకుర్చీ వేసి నిమిషం చొప్పున నాలుగుసార్లు ఉండండి. సింహాచలం మెట్లెక్కితే ఊపిరికి మంచిది. దిగేటప్పుడే తొడలకి అసలు సాధన, కాబట్టి బస్సులో కాకుండా మెట్ల మీదే, నెమ్మదిగా దిగండి.

అద్దె బూట్ల దగ్గర తొందరపడకండి. సన్నటి మేజోళ్లు ఒక్క జతే వేసుకోండి. రెండు జతలైతే రక్తం ఆడక వేళ్లు మొద్దుబారతాయి. మడమని బూటు వెనక్కి రెండుసార్లు కొట్టి బిగించండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాలు ముందుకి వంచితే వేళ్లు విడిపోవాలి, మడమ మాత్రం లేవకూడదు. బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) సర్దే అబ్బాయికి మీ బరువు అయిదు కిలోలు తగ్గించి చెప్పొద్దు, పెంచీ చెప్పొద్దు. తగ్గిస్తే నడి వాలులో స్కీ ఊడుతుంది, పెంచితే పడినప్పుడు ఊడక మోకాలు మెలిపడుతుంది.

తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ ఉంచండి. మంచు పడితే తంగ్‌మార్గ్ నుంచి గుల్మార్గ్ రోడ్డు మీద చక్రాలకి గొలుసులున్న బండ్లే నడుస్తాయి, శ్రీనగర్ విమానాలు రద్దవుతాయి. ఢిల్లీ నుంచి వైజాగ్‌కి టికెట్ అదే సాయంత్రానికి కాకుండా మర్నాటికి తీయండి.