ఇంటర్ పిల్లలకు ఏ థెరపీ? ఎవరి దగ్గరికి?

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను. బాలికల హాస్టల్ బాధ్యత కూడా నాదే. కూతురు దిగులుగా ఉందని తెలియగానే తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒక్కటే: ‘మంచి కౌన్సెలర్ ఎవరైనా ఉన్నారా మేడం?’ పేరు చెప్పడం తేలిక. కానీ ముందు పిల్ల ఇబ్బంది ఏమిటో తెలియాలి. అందుకే వారం రోజులు గమనించి రాయమంటాను. ఎన్నింటికి నిద్రపోయింది, ఏమి తిన్నది, ఇష్టమైన ఏ పని మానేసింది? ‘చదవడం లేదు’ అని రాయకండి, అది మన బెంగ. ‘ప్రాణస్నేహితురాలు ఫోను చేస్తే రెండుసార్లూ తీయలేదు’ అని రాస్తే డాక్టరుకు పనికొస్తుంది. ఈలోగా రక్తహీనతకు, థైరాయిడ్‌కు పరీక్షలు చేయించండి. నీరసం, దిగులు వాటివల్ల కూడా వస్తాయి.

కొన్నిటికి ఆ వారం కూడా ఆగకూడదు. చచ్చిపోవాలని ఉందని అన్నా, చేతులు కోసుకుంటున్నా, ఎవరికీ వినపడని మాటలు వినపడుతున్నా ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాలి. ఏప్రిల్ ఎండల్లో కూడా పొడవు చేతుల చొక్కా విప్పని అమ్మాయిని హాస్టల్లో చూశాను. చెయ్యి పట్టుకుని లాగలేదు, నలుగురిలో అడగలేదు. స్టోరు గదిలోకి పిలిచి, ‘గాయమేమైనా ఉంటే మందు రాస్తాను తల్లీ’ అన్నాను. కాసేపటికి తనే చొక్కా చెయ్యి పైకి మడిచింది. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. నెమ్మదిగా, సూటిగా అడగండి. అర్ధరాత్రి దిక్కు తోచకపోతే 14416కు ఫోను చేయండి. అది 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఎవరి దగ్గరికి? సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మానసిక పరీక్షలు చేసి థెరపీ, అంటే మాటల ద్వారా చేసే చికిత్స, ఇస్తారు. వారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి. కౌన్సెలర్ అనే బోర్డు చిన్న కోర్సు చేసినవాళ్లు కూడా పెట్టుకుంటున్నారు కాబట్టి బోర్డు చూసి వెళ్లవద్దు. ఖర్చు భరించలేని వారికి ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలు, బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు ఎత్తితేనే ముఖం చిట్లించే బంధువుల మాట పట్టించుకోకండి.

పరీక్ష భయానికి, దిగులుకు ఎక్కువగా సూచించేది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే థెరపీ. అందులో ‘ఫిజిక్స్ తప్పితే నా బతుకు ముగిసినట్టే’ అనే ఆలోచనను కాగితం మీద పెట్టి తరచి చూస్తారు. తప్పించుకుంటున్న పనిని చిన్న ముక్కలు చేసి ఒక్కొక్కటే చేయిస్తారు. ఇంటికి పని కూడా ఇస్తారు. చేతులు పదేపదే కడిగించే ఓసీడీ అనే జబ్బుకు ఓదార్పు మాటలు సరిపోవు. ‘శుభ్రంగానే ఉన్నాయిలే’ అని మనం నచ్చజెప్పినకొద్దీ అది ముదురుతుంది. భయపెట్టే వస్తువును ముట్టుకుని కడుక్కోకుండా ఓర్చుకోవడం అంచెలంచెలుగా నేర్పే పద్ధతి వేరే ఉంది, దాన్ని ఈఆర్‌పీ అంటారు. అది తెలుసా అని అడిగి మరీ వెళ్లండి. గాయపరచుకునే పిల్లలకు అమెరికన్ మనస్తత్వవేత్త మార్షా లైనెహన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) మంచిది, అందులో ఉద్వేగాలను తట్టుకునే నేర్పు నేర్పిస్తారు. పిల్లల కోసం మలిచిన డీబీటీలో తల్లిదండ్రులు కూడా కూర్చుని నేర్చుకోవాలి. తిండి మానేస్తున్నా, ఇంట్లో గొడవలే మూలమైనా ఫ్యామిలీ థెరపీ అడగండి. పిల్లను ఒక్కదాన్నే పంపి మనం బయట కూర్చుంటే ప్రయోజనం తక్కువ. లైంగిక వేధింపు బయటపడితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపక తప్పదు. ఆ మాట పిల్లకు ముందే చెప్పి ధైర్యమివ్వాలి. చిన్నప్పటి నుంచీ చదవడం, రాయడమే కష్టమైతే ముందు అభ్యసన వైకల్య పరీక్ష చేయించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆ వైకల్యం కూడా ఉంది.

మందులు రాస్తే హడలిపోకండి. దిగులు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారాల్లో పిల్లను కనిపెట్టుకుని ఉండాలి, మనంతట మనం ఆపకూడదు.

మొదటి ఫోనులోనే అడగండి: ఈ వయసు పిల్లలతో పనిచేశారా? ఏ పద్ధతి వాడతారు? మెరుగైందో లేదో ఎప్పుడు, ఎలా చూస్తారు? పిల్ల చెప్పినవాటిలో మాకేమి చెబుతారు? ‘ప్రాణానికి ముప్పుంటే చెబుతాను, మిగతావి చెప్పను’ అంటే నమ్మదగిన మనిషి. ‘అన్నీ మీకు చెప్పేస్తాను’ అన్నవారి దగ్గర ఏ పిల్లా నోరు విప్పదు. రెండు సిట్టింగుల్లో నయం చేస్తామన్నవారిని వదిలేయండి.

ఇద్దరిని చూసిపెట్టి, ఎవరో ఒకరిని పిల్లనే ఎంచుకోనివ్వండి. చాలామంది అమ్మాయిలకు మహిళ అయితేనే మాట పెగులుతుంది. ఇంటికొచ్చాక ‘ఏమి చెప్పావు?’ అని ఆరా తీయవద్దు. మూడు నాలుగు సిట్టింగులయ్యాక ‘మళ్లీ వెళ్లాలనిపిస్తోందా?’ అని అడగండి. లేదంటే థెరపీనే మానిపించకుండా మనిషిని మార్చి చూడండి.

పిల్ల రెసిడెన్షియల్ కళాశాలలో ఉంటే వారం వారం బయటికి పంపాలని ప్రిన్సిపాల్‌కు డాక్టరు చీటీతో లేఖ ఇవ్వండి. అందులో జబ్బు పేరు అక్కర్లేదు, వైద్యం కోసమంటే చాలు. పరీక్షలయ్యాక చూద్దామంటే ఒప్పుకోకండి. అప్పటికీ పంపకపోతే ఇంటి దగ్గరి కళాశాలకు మార్చండి.