ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు మియాటాలో ఇమడాలంటే

నా ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, బరువు 118 కిలోలు. డాలస్‌లో నేను నడిపేది 2001 మోడల్ మాజ్డా మియాటా, గుడ్డ టాప్ తెరిచి మూసుకునే రెండు సీట్ల చిన్న కారు. దాని బరువే సుమారు 1,080 కిలోలు. మొదటిసారి ఎక్కినప్పుడు తల టాప్ గుడ్డకు తగిలింది, కుడి తొడ స్టీరింగ్‌కు ఆనింది. అయినా వదులుకోవడానికి మనసు ఒప్పక కొనేశాను. ఎనిమిదేళ్లయింది, ఇప్పటికీ వారానికి రెండు సార్లైనా తీస్తాను. మన ఒంటికి ఈ కారు పనికిరాదని ఆశ వదిలేసుకోకండి.

కొనేముందు టాప్ మూసి పావుగంట కూర్చోండి. క్లచ్ చివరిదాకా తొక్కి, స్టీరింగ్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడండి. నా కారు తరం మియాటాల్లో స్టీరింగ్ కదలదు. 2005 తర్వాత వచ్చిన తరంలో పైకీ కిందికీ జరుగుతుంది. 2019 మోడల్ నుంచైతే ముందుకూ వెనక్కూ కూడా. మోకాళ్ల బాధ ఉన్నవాళ్లకు ఆ కొత్తదే మేలు.

ఎక్కేటప్పుడు సీటు పూర్తిగా వెనక్కి నెట్టి, ముందు కుడికాలు స్టీరింగ్ కిందికి పోనివ్వండి. తర్వాత కూర్చుని, తల లోపలికి వంచి, ఎడమకాలు చివర్లో లాక్కోండి. బరువు స్టీరింగ్ మీద మాత్రం వెయ్యొద్దు.

నాకు నిజంగా దారి చూపింది సీటు ఫోమ్ కోయడం. బ్యాటరీ వైరు తీసి, నాలుగు బోల్టులు విప్పి, బెల్టు బకిల్ కనెక్టర్ ఊడదీస్తే సీటు బయటికొస్తుంది. కవర్‌ను ఫోమ్‌కు పట్టి ఉంచే ఇనప రింగులు కట్ చేయాలి. కూర్చున్నప్పుడు కటి ఎముకలు ఆనే చోట మార్కర్‌తో గీసి, బ్రెడ్ కోసే పళ్ల కత్తితో పలచగా పొరలు తీశాను. ప్రతి పొర తర్వాతా కూర్చుని చూసేవాణ్ణి. మా బావమరిది పక్కన నిలబడి, "బావా, ఇంకో వేలెడు తియ్యాలి" అని చెప్పేవాడు. తొడల కింద ముందు భాగం ముట్టుకోకండి, అది పోతే గంటసేపు నడిపేసరికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. చివరికి ఒక అంగుళం పైనే దిగాను. సీటు ఒక మెట్టు ముందుకు జరిపితే వీపు కాస్త వెనక్కి వాల్చడానికీ చోటొచ్చింది. తల గుడ్డకు తగలడం అంతటితో ఆగింది. సీటులోనే ఎయిర్‌బ్యాగ్ ఉండే కొత్త కార్ల మీద ఈ పని ఇంట్లో చేయకండి.

తొడకు చోటు కోసం చాలామంది చిన్న స్టీరింగ్ వేస్తారు. దాంతో ఎయిర్‌బ్యాగ్ పోతుంది కాబట్టి నేను వేయలేదు. రోల్ బార్, అంటే కారు బోల్తా పడితే తలను కాపాడేందుకు సీట్ల వెనక బిగించే ఇనప కడ్డీ, పెట్టించుకుంటే దాని పైనుంచి ముందు అద్దం ఫ్రేము దాకా ఒక కర్ర ఆనించి చూడండి. రేస్ ట్రాక్ మీదకు వెళ్లేవాళ్లకు హెల్మెట్‌తో సహా తల ఆ కర్ర కిందే ఉండాలి. రోడ్డు మీద హెల్మెట్ ఉండదు కనుక, తల తగిలేలా ఉంటే ఆ ఇనప కడ్డీ వద్దు.

బూట్లు సన్నటి అడుగువి వేసుకోండి. నా పాదం వెడల్పుకు బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి నొక్కుకుపోయేవి, అది ప్రమాదం. ముందు అద్దం పై అంచు ఎత్తైనవాళ్లకు సిగ్నల్ లైటును కప్పేస్తుంది, గీతకు రెండు గజాలు వెనకే ఆపితే కనబడుతుంది.

డోరు చట్రం మీద స్టిక్కర్‌లో మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మోయొచ్చో రాసి ఉంటుంది. పక్కన ఎవరినైనా ఎక్కించుకునేముందు అది చదవండి. షాక్ అబ్సార్బర్లు, వాటి రబ్బరు స్టాపర్లు పాతబడి ఉంటే ముందే మార్పించండి, లేకపోతే ప్రతి గుంతకీ నడుముకు దెబ్బ. అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేయించేటప్పుడు డ్రైవర్ సీట్లో మన బరువు ఉండాల్సిందే. ఇంత తేలిక కారులో మనం కూర్చుంటే ఎడమవైపు దిగి చక్రాల కోణాలు మారిపోతాయి. షాపులో నన్ను కారులో కూర్చోనివ్వలేదు. అందుకే 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు 13 తీసుకెళ్లి, సీటు మీదా కాళ్ల దగ్గరా సర్దించాను. అప్పటిదాకా హైవే మీద ఓ పక్కకు లాగే కారు, ఆ రోజు ఇంటికి తిన్నగా వచ్చింది.